సెన్సర్ చోటు మారితే గాలి లెక్క మారుతుంది

బెంగళూరులో మానిఫోల్డ్ పీడనం కొలిచే ఏ పెట్రోల్ కారుకైనా ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ అంకెలు ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి చూస్తే, మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టాల్లోని పీడనం) అన్నచోట 91 కిలోపాస్కల్స్‌కి అటూ ఇటూగా ఒక అంకె కనిపిస్తుంది. అదే కారు చెన్నై తీసుకెళ్తే 101 చూపిస్తుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే మాత్రం రెండు ఊళ్లకీ ఇంచుమించు ఒకటే అంకె ఉంటుంది. అది చూసి సెన్సర్ పోయిందేమో అని టెన్షన్ పడేవాళ్లున్నారు. యాప్ చెప్పేది సముద్రమట్టానికి సర్దిన లెక్క. సెన్సర్ చెప్పేది బానెట్ కింద అప్పుడున్న అసలు గాలి సంగతి. బెంగళూరు 900 మీటర్లకు పైన ఉన్న ఊరు, అక్కడి గాలి దాదాపు పదోవంతు పల్చన. చెన్నై నుంచి చిత్తూరు, మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరు చేరేసరికి, టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపే యంత్రం) లేని ఇంజిన్ తన బలంలో ఇంచుమించు అంత భాగం కింద వదిలేసి వస్తుంది.

ఆ పోయింది రాబట్టాలన్న ఆశ కారు పిచ్చి ఉన్నవాళ్లకి సహజం. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల కొట్లలోనూ, శివాజీనగర్ సందుల్లోనూ తెలుగు బాగానే నడుస్తుంది. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన మెకానిక్‌లు, మారతహళ్లి వైపు నుంచి పాత కార్లు వేసుకొచ్చే తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు అక్కడ ఒకరికొకరు దొరుకుతారు. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్చేశాక మాట ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదికి మళ్లుతుంది. దాన్ని కోసి, రన్నర్లు (ఒక్కో సిలిండర్‌కి గాలి తీసుకెళ్లే గొట్టాలు) పొట్టిచేసి, పెద్ద ప్లీనమ్ (ఆ గొట్టాలన్నీ కలిసే గాలి డబ్బా) అతికించి ఆర్గాన్ వెల్డింగ్ కొట్టించడం నగరంలో పెద్ద కష్టమైన పని కాదు. పాత మానిఫోల్డ్ మీద ఉన్న సెన్సర్లను కొత్తదాంట్లో ఎక్కడ పెట్టాలన్నదే అసలు కష్టం. ఆ ప్రశ్న ఎక్కువసార్లు పని అయిపోయాక గుర్తొస్తుంది. అప్పటికి వైరు ఎంతదూరం అందితే అక్కడ బొక్క పడుతుంది.

ముందు గొట్టాల సంగతి. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని పిస్టన్ కిందికి లాగినప్పుడు రన్నర్‌లో ఒక పీడన తరంగం పుడుతుంది. అది ప్లీనమ్ దాకా వెళ్లి, అక్కడి ఖాళీని తాకి తిరగబడి వెనక్కి వస్తుంది. వాల్వు మూసుకునే ముందు సరిగ్గా ఆ అల వచ్చి చేరితే, సిలిండర్‌లోకి ఇంకాస్త గాలిని తోసి పెడుతుంది. ఖర్చు లేని చిన్న టర్బో అనుకోవచ్చు, కానీ ఒక వేగం దగ్గరే పనిచేస్తుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. పోర్టుతో కలిపి 40 సెంటీమీటర్ల రన్నర్‌లో అల పోయి రావడానికి 2.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కొద్ది సమయంలో ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్, 3000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 3000 చుట్లు) 41 డిగ్రీలు తిరిగితే, 6000లో 82 డిగ్రీలు తిరుగుతుంది. అంటే అల పట్టే సమయం మారదు, ఇంజిన్ దాన్ని అందుకునే వేగం మారుతుంది. 40 సెంటీమీటర్ల రన్నర్ 4000 దగ్గర అల అందుకునేలా ఉంటే, 25కి కోసేసరికి అదే మేలు 6400 దగ్గరికి జరిగిపోతుంది.

చిన్న కార్లలో చాలావాటికి రెవ్ లిమిటర్, అంటే ఇంజిన్ వేగానికి పెట్టిన హద్దు, ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద కారు రోజంతా తిరిగేది 1500 నుంచి 3000 మధ్య. అక్కడున్న దమ్ము తీసి, ఎప్పుడూ వెళ్లని చోట పెట్టినట్టే. పొడవు రన్నర్ కింది వేగాలకు, పొట్టి రన్నర్ పై వేగాలకు అన్నది కొత్త సంగతి కాదు. 1960లో క్రైస్లర్ కంపెనీ తన పెద్ద వీ8 ఇంజిన్లకు 30 అంగుళాల రన్నర్లు పెట్టింది. ఎక్కువ వేగం కోరినవాళ్లకు లోపలి గోడ తగ్గించి, అల నడిచే దూరాన్ని సగం చేసి ఇచ్చింది. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ ఇంజిన్‌లో రన్నర్ పొడవు నడుస్తూండగానే మారే ఏర్పాటు తెచ్చింది. రెండూ కావాలంటే అంత తంటా పడాలి మరి. ఒక్క పొడవుతో రెండూ సాధించామని చెప్పేవాళ్ల మాట కొంచెం ఆగి వినాలి.

పెడల్ తొక్కితే గాలికి దారి తెరిచే త్రాటిల్ బాడీ పెద్దది వేస్తే పికప్ పెరిగిందన్న మాట కూడా ఇలాంటిదే. దాని బోర్, అంటే లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్ల నుంచి 60 అయితే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. పెడల్ అంతే తొక్కినా ఎక్కువ గాలి పోతుంది కాబట్టి కారు ఎగిరి పడినట్టు ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కి చూస్తే, పాత త్రాటిల్ అడ్డుపడని ఇంజిన్‌లో తేడా దాదాపు శూన్యం.

ఇప్పుడు సెన్సర్ల దగ్గరికి వద్దాం. లోపలికి ఎంత గాలి పోతోందో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూకి తెలిస్తేనే ఎంత పెట్రోల్ వదలాలో తేలుతుంది. మారుతి ఎస్టీమ్ లాంటి పాత ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి విడిగా పెట్రోల్ చిమ్మే) కార్ల నుంచి ఇప్పటి చిన్న కార్ల దాకా ఎక్కువ పెట్రోల్ ఇంజిన్లు గాలిని నేరుగా కొలవవు, ఊహిస్తాయి. మానిఫోల్డ్‌లో పీడనం చెప్పే మ్యాప్ సెన్సర్, లోపలికి వచ్చే గాలి వేడి చెప్పే ఐఏటీ సెన్సర్, ఇంజిన్ వేగం, ఈ మూడూ తీసుకుని, ఫ్యాక్టరీలో రాసిపెట్టిన పట్టికతో గుణించి లెక్క కడతాయి. ఆ పట్టిక ఆ మానిఫోల్డ్‌కి, ఆ సెన్సర్లు కూర్చున్న ఆ చోట్లకి రాసింది. అందుకే సెన్సర్ అంటే ప్లాస్టిక్ ముక్క ఒక్కటే కాదు, అది కూర్చున్న చోటు కూడా అందులో భాగమే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, కానీ ఆ మెతుకు ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం. అడుగు నుంచి తీస్తే మాడిందంటారు, పైనుంచి తీస్తే ఇంకా పలుకుందంటారు. కుండ ఒకటే.

ఐఏటీ సెన్సర్ విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఇప్పటి కార్ల మానిఫోల్డ్‌లు గాజు పీచు కలిపిన నైలాన్‌తో చేసినవి, వేడిని అంత తొందరగా పట్టవు. వాటి స్థానంలో అల్యూమినియంతో కట్టించినదాన్ని సిలిండర్ హెడ్‌కి బిగిస్తే, ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడేసరికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ లోహానికి మర పెట్టి బిగించిన సెన్సర్ గాలి వేడి కాకుండా గోడ వేడి చెప్తుంది. అసలు గాలి 30 డిగ్రీలుండగా సెన్సర్ 60 అని చెప్పిందనుకుందాం. సంపూర్ణ ఉష్ణోగ్రతల్లో (కెల్విన్ లెక్కలో) అది 303, 333. గాలి నిజానికి ఉన్నదానికంటే 9 శాతం పల్చనగా ఉందని ఈసీయూ అనుకుంటుంది, పెట్రోల్ అంతమేర తగ్గిస్తుంది. దానికి తోడు వేడి గాలికి నాకింగ్ (పెట్రోల్ తనంతట తాను పేలి కొట్టే దడ) వస్తుందన్న భయంతో ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ వేసే క్షణం, వెనక్కి లాగుతుంది. వేలు ఖర్చుపెట్టి మానిఫోల్డ్ మార్చాక రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర కారు మొద్దుబారిందంటే సగం సార్లు కారణం ఇదే. నెమ్మదిగా పోయేటప్పుడు, పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసే ఆక్సిజన్ సెన్సర్ తప్పు దిద్దుతుంది. పెడల్ మొత్తం తొక్కినప్పుడు ఆ దిద్దుబాటు మీద ఆధారపడలేం, అప్పుడే పిస్టన్‌కి ప్రమాదం.

అలాగని సెన్సర్‌ని తీసుకెళ్లి బంపర్ వెనక చల్లగాలిలో వేలాడదీయడం ఇంకా పెద్ద తప్పు. ఇక్కడ ఈసీయూకి అందేది చల్లటి అబద్ధం. పెట్రోల్ ఎక్కువ వదిలేస్తుంది, టైమింగ్ తగ్గించాల్సిన చోట తగ్గించదు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే పర్ఫార్మెన్స్ చిప్‌లలో కొన్ని చేసేది ఈ మోసమే. ఐఏటీ వైర్లకు ఒక రెసిస్టర్ తగిలించి, లోపలికి ఎప్పుడూ చల్లగాలే వస్తోందని నమ్మించడం. టర్బో కార్లలో ఈ సెన్సర్, ఒత్తిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాటాకే ఉండాలి. ముందు పెడితే కంప్రెసర్ వేడి చెప్తుంది, ఇంజిన్ తాగే గాలి సంగతి చెప్పదు. టర్బో లేని కారుకి త్రాటిల్ బాడీకి ముందున్న రబ్బరు గొట్టంలో, సెన్సర్ మొన గాలి పారే మధ్యకి చేరేలా పెట్టడం చాలాసార్లు సరిపోతుంది. మానిఫోల్డ్ వేడికి దూరం, గాలి ప్రవాహానికి దగ్గర. పాత పట్టిక పాత చోటుకి రాసింది గనక ఆ తర్వాత వేడికి సంబంధించిన సవరణ పట్టికను ట్యూనర్ (ఈసీయూ పట్టికలు సర్దేవాడు) ఒకసారి ముట్టుకోవాల్సిందే.

మ్యాప్ సెన్సర్ వేడి కంటే అలలతో ఇబ్బంది పడుతుంది. దానికి కావలసింది ప్లీనమ్ మొత్తం మీద సగటు పీడనం. ఒక రన్నర్‌కి బొక్క పెట్టి అక్కడ కూర్చోబెడితే ఆ ఒక్క సిలిండర్ ఊపిరి మాత్రమే వింటుంది, అంకె నిలకడగా ఉండదు. త్రాటిల్ పలకకి మరీ దగ్గరగా పెడితే గాలి సుడులు తగులుతాయి. ఇంజిన్ ఆవిరి తిరిగొచ్చే పీసీవీ గొట్టం పక్కన పెడితే కొన్నాళ్లకి నూనె జిడ్డు పేరుకుని సెన్సర్ నోరు మూసుకుపోతుంది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ, అంటే ఫైర్‌వాల్ మీద బిగించి రబ్బరు గొట్టంతో కలపడం వాడుకలో ఉన్న పద్ధతే, తప్పేమీ లేదు. గొట్టం పొట్టిగా, సన్నగా, గట్టి గోడతో ఉండాలి. సెన్సర్ మానిఫోల్డ్ కంటే ఎత్తులో, నోరు కిందికి చూస్తూ ఉండాలి, చేరిన తేమ, పెట్రోల్ తడి తిరిగి కిందికి జారిపోవడానికి. మీటరు పొడవు గొట్టంలో కబురు చేరడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు, గొట్టం నిండడానికి ఇంకాస్త. పెడల్ టక్కున తొక్కినప్పుడు కారు ఒక క్షణం దగ్గి కదులుతుంటే అందరూ పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద పడతారు. ముందు ఈ గొట్టం చూడాలి.

ప్రతి సిలిండర్‌కీ విడి త్రాటిల్ పెట్టే ఐటీబీల మోజు వేరు. శబ్దం వినసొంపుగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ ప్లీనమ్ ఉండదు కాబట్టి మ్యాప్ సెన్సర్‌కి వినడానికి చోటే మిగలదు. నాలుగు రన్నర్ల నుంచి సన్న గొట్టాలు తెచ్చి చిన్న డబ్బాలో కలిపి, ఆ డబ్బాకి సెన్సర్ పెడతారు. అయినా పెడల్ కొంచెం తొక్కగానే అంకె బయటి పీడనం దగ్గరికి ఎగిరిపోతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా తేడా తెలియదు. అందుకని త్రాటిల్ ఎంత తెరుచుకుందన్న కోణాన్ని బట్టి పెట్రోల్ వదిలే ఆల్ఫా-ఎన్ పద్ధతికి పోతారు.

బ్రేకుల సంగతి ఇక్కడే మరిచిపోతారు. కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్ పనిచేసేది మానిఫోల్డ్ వ్యాక్యూమ్ మీద. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ 35 కిలోపాస్కల్స్ ఉంటే, చెన్నైలో బూస్టర్‌కి దొరికే తేడా 66, బెంగళూరులో 56. ముందే తక్కువ. ఐటీబీల్లో ఒక్క రన్నర్ నుంచి గొట్టం లాగి బూస్టర్‌కి ఇస్తే, రెండోసారి తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. చెక్ వాల్వు (గాలిని ఒక్కవైపే పోనిచ్చేది), వ్యాక్యూమ్ నిల్వ ఉంచే డబ్బా లేకుండా ఆ కారు రోడ్డెక్కకూడదు. ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే సర్దుకోవచ్చు, బ్రేకు విషయంలో సర్దుబాటు లేదు.

గాలిని నేరుగా తూచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కార్లకు లెక్క ఇంకో రకం. ఆ సెన్సర్ తన గొట్టం మధ్యలో గాలి ఎంత జోరుగా పోతోందో చూసి మొత్తం ఊహిస్తుంది. 60 మిల్లీమీటర్ల గొట్టం నుంచి తీసి 70 దాంట్లో పెడితే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, జోరు తగ్గుతుంది, సెన్సర్ తక్కువ చెప్తుంది, మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే పెట్రోల్ పాలు తగ్గుతుంది. వంపు దాటగానే పెట్టినా గాలి ఒక పక్కకి ఒరిగి తప్పు అంకె వస్తుంది.

గాలికి సంబంధం లేని సెన్సర్ ఒకటి మానిఫోల్డ్‌తో పాటు చిక్కులో పడుతుంది. కొన్ని పాత ఇంజిన్లలో కూలెంట్ దారి మానిఫోల్డ్‌లోంచి పోతుంది, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అక్కడే ఉంటుంది. కొత్త మానిఫోల్డ్‌కి నీళ్ల దారి లేకపోతే ఆ సెన్సర్‌ని ఏదో ఒక మూల గొట్టంలో పెడతారు. నీళ్లు పారని మూల అయితే, లేదా ఎయిర్ లాక్ పడితే, ఇంజిన్ మరుగుతున్నా సెన్సర్ గోరువెచ్చగా ఉందంటుంది. ఈసీయూ చల్లటి ఇంజిన్ అనుకుని పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరగాలా వద్దా అన్నది కూడా ఈ సెన్సర్ మాట మీదే. ఫ్యాన్ తిరగదు, హెడ్ ప్యాకింగ్ ఎగిరిపోతుంది. మానిఫోల్డ్ మార్పుల్లో ఇంజిన్‌ని చంపేది ఎక్కువగా గాలి కాదు, నీళ్లు.

నాకింగ్ దడ వినే నాక్ సెన్సర్‌ని మాత్రం జరపకపోవడమే మంచిది. బ్లాక్‌లో ఏ చోట దడ బాగా వినిపిస్తుందో కొలిచి ఫ్యాక్టరీవాళ్లు ఆ చోటు పెట్టారు. బోల్టు ఎంత బిగించాలన్నది కూడా లెక్కే, బాష్ తయారుచేసే చదునైన రకానికి సుమారు 20 న్యూటన్ మీటర్లు. కొత్త బ్రాకెట్ మీద పెడితే బ్రాకెట్ అదురు వింటుంది. ఇంజిన్ వేగం చెప్పే క్రాంక్ సెన్సర్‌కి పళ్ల చక్రంతో ఉండాల్సిన సందు మిల్లీమీటరు అటూ ఇటూ. దాని వైర్లు పొడిగిస్తే మెలివేసి, షీల్డ్ ఉన్న కేబుల్‌తో, ఇగ్నిషన్ కాయిల్ వైర్లకు దూరంగా తీసుకెళ్లాలి. సెన్సర్ల గ్రౌండ్ తిరిగి ఈసీయూకే పోవాలి. దగ్గర్లో ఉంది కదా అని బాడీకి బిగిస్తే, హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా అంకెలు కదులుతాయి. చుట్టిన ఇన్సులేషన్ టేపు బెంగళూరు వానలకి ఒక సీజన్ కూడా ఆగదు. ఐఏటీ వైరు తెగితే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. కబ్బన్ పార్కులో మంచు కురిసినా ఆ అంకె రాదు గనక దాన్ని గుర్తుపట్టడం తేలిక.

వెల్డింగ్ వేడికి ఫ్లాంజ్ (మానిఫోల్డ్‌ని హెడ్‌కి బిగించే చదును అంచు) వంగడం మామూలే. లేత్ షాపులో మళ్లీ చదును చేయించకుండా బిగిస్తే గాలి లీకు ఖాయం. ఆ లీకు ఏ కారులో ఎలా కనిపిస్తుందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. మ్యాప్ కారులో దొంగగాలి వల్ల పీడనం పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ కూడా కలుపుతుంది, ఐడ్లింగ్ రేసింగ్‌లో ఉండిపోతుంది. ఎంఏఎఫ్ కారులో దొంగగాలి కొలతలోకి రాదు, మిశ్రమం పల్చబడి మిస్సింగ్ వస్తుంది, పెట్రోల్ పాలు తక్కువని చెప్పే పీ0171 కోడ్ పడుతుంది. పొగ పెట్టి చూస్తే రెండింట్లోనూ ఐదు నిమిషాల్లో దొరుకుతుంది.

ఇవన్నీ సరిచేశాక ట్యూనింగ్. బెంగళూరులో ట్యూన్ చేసిన టర్బో లేని కారుకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఇక్కడ పెడల్ మొత్తం తొక్కినా మానిఫోల్డ్ పీడనం 91 దాటదు. పట్టికలో 95, 100 కిలోపాస్కల్స్ గడులకి ఇంజిన్ ఎప్పుడూ చేరదు, వాటిలో ఉన్నవి ఊహించి నింపిన అంకెలు. అలాంటి కారుని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తే, మొదటి ల్యాప్ మొదటి స్ట్రెయిట్‌లోనే ఇంజిన్ ఆ గడుల్లోకి అడుగుపెడుతుంది. డైనోలో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం మీద) ఒక్కసారి కూడా చూడని చోట, పూర్తి లోడ్‌తో, చెన్నై ఎండలో. ఆల్ఫా-ఎన్ అయితే ఇంకా ఘోరం. అది బయటి పీడనం చూసుకునే ఏర్పాటు లేకుండా ఉంటే, పదోవంతు ఎక్కువ గాలికి అదే పెట్రోల్ పోస్తుంది. ఘాట్ దిగే కారుకి ట్రాక్ దగ్గర, గాలి-పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు పెట్టుకుని, ఆ పై గడులను మెల్లగా నింపుకోవాలి. ఆ ఒక్క గంట ఓపిక లేక ఇంజిన్లు పోగొట్టుకోవడం అన్యాయం.

బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. దానికి మామూలు పెట్రోల్ కంటే సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం వదలాలి. పాత కారులో ఆక్సిజన్ సెన్సర్ దిద్దుబాటులో కొంత భాగం దీనికే ఖర్చవుతుంది. ఐఏటీ తప్పు 9 శాతం దాని మీద చేరితే మిగిలే వెసులుబాటు చిన్నది.

చట్టం దగ్గర పెద్దగా దాపరికం లేదు. ఆర్‌సీలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ అనే గడి లేని మాట నిజమే. అయినా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 కార్లలో ఈసీయూ తన సెన్సర్లను బాగా సరిచూసుకుంటూ ఉంటుంది కాబట్టి, చెక్ ఇంజిన్ లైటు వెలగకుండా ఈ పని చేయడమే కష్టం. ట్రాక్ మీదికి ట్రెయిలర్‌లో పోయే పాత కారుకి ఈ పని సబబు. రోజూ ఆఫీసుకి పోయే కారుకి కాదు.

చేయించినవాళ్లు మర్నాడు పొద్దున్నే చేయాల్సిన పని ఒకటుంది. రాత్రంతా నిలిపిన కారులో, స్టార్ట్ చేయకముందు, తాళం ఆన్ చేసి మూడు అంకెలు చూడాలి. కూలెంట్ వేడి, గాలి వేడి రెండూ ఒకటిగా, లేదా రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. మ్యాప్ 91 దగ్గర ఉండాలి. ఆ తర్వాత స్టార్ట్ చేసి, ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పి తెచ్చి, ఇంజిన్ ఆపకుండా మళ్లీ చూడాలి. బయట 28 డిగ్రీలుంటే గాలి సెన్సర్ 65 చెప్తోందా, రేడియేటర్ కాలుతుంటే కూలెంట్ 70 దగ్గరే ఆగిందా? అలా ఉంటే ట్యూనర్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, ముందు ఆ సెన్సర్ విప్పి ఇంకోచోట పెట్టాలి.